కొత్త రంగు మీద క్లాంపు

ఆ రోజు ఉదయం నేను చూడకుండానే సంతకం పెట్టాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఏడో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. దానికి కూడా చెప్పలేదు. ఆ తేదీ పేజీలో "చలి బాగా ఉంది. ఫ్యాక్టరీలో చిన్న గొడవ" అని మాత్రం ఉంది. మిగతా పేజీ అంతా ఖాళీ.

మాది గండిమైసమ్మ. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అయ్యాక తుర్కపల్లి దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. అక్కడ మాత్రలు చేయరు, మాత్రల్లోకి వెళ్లే మందు పొడి చేస్తారు. పొద్దున్నే కంపెనీ క్యాబు వస్తుంది. మేడ్చల్ మీదుగా, శామీర్‌పేట దాటి వెళ్తుంది. నేను వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తెరుస్తాను. చదివేవాళ్లను ఎవరూ పలకరించరు.

ప్రతి బ్యాచ్ మొదలయ్యే ముందు మందు తయారయ్యే గదిలోకి వెళ్లి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, ఒక ఫారం మీద టిక్కులు పెట్టి సంతకం చేయడం నా పని. గది శుభ్రంగా ఉందా, డ్రమ్ముల మీద లేబుళ్లు సరిపోయాయా, ఎర్తింగ్ క్లాంపు పట్టిందా, ఇలా పదకొండు గడులుంటాయి. నా సంతకం లేకుండా బ్యాచ్ మొదలుపెట్టకూడదు. గట్టిగా మాట్లాడలేని మనిషికి ఇంత అధికారం ఎందుకిచ్చారో నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఆ పదకొండింటిలో ఎర్తింగ్ గడి దగ్గర నాకు మొదటి నుంచీ భయం. అది ఎందుకుందో నాకు బాగా తెలుసు కాబట్టి.

చలికాలంలో మా అవ్వ స్వెటర్ విప్పుతుంటే చిటపటమని చప్పుడయ్యేది. "నా ఒంట్ల దయ్యం సొచ్చిందే" అని నవ్వేది. స్కూల్లో దువ్వెనతో కాగితం ముక్కలు ఎగరేసిన రోజు అవ్వ దయ్యం ఏమిటో తెలిసింది. ప్రతి అణువు నడుమ కేంద్రకం ఉంటుంది. అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు గట్టిగా ముడుచుకుని కూర్చుంటాయి, వాటిని కదపడం మన వల్ల కాదు. బయట తిరిగే ఎలక్ట్రాన్లు అలా కాదు. రెండు వస్తువులు రాసుకుంటే చాలు, ఒకదాన్ని విడిచి రెండోదాన్ని పట్టుకుంటాయి. పోగొట్టుకున్న వస్తువుకు ధనావేశం, పొందిన వస్తువుకు రుణావేశం. ప్రోటాను ఎలక్ట్రాను కంటే దాదాపు రెండు వేల రెట్లు బరువు. అయినా రెండింటి ఆవేశం సరిగ్గా సమానం, అందుకే మామూలు వస్తువులు మనల్ని ఏమీ చేయవు. ఇంటర్లో ఉన్నప్పుడు డైరీలో "నేను న్యూట్రాన్‌ని, ఎవరినీ లాగను, ఎవరినీ తొయ్యను" అని రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ చూస్తే సిగ్గేస్తుంది.

ఫ్యాక్టరీలో అదే దువ్వెన ఆట చాలా పెద్దగా జరుగుతుంది. మా గదిలో ఒక రియాక్టర్ ఉంది. పెద్ద ఉక్కు పాత్ర అనుకోండి. పాత్రంతా కింది అంతస్తులో వేలాడుతుంది, దాని మూతి మాత్రం మా గదిలో నడుమెత్తున ఉంటుంది. లోపల టాలుయిన్ అనే ద్రావకం, పెట్రోలు లాగా మండేది. మూతి మీద స్టీలు గరాటు పెట్టి, పాలిథీన్ సంచుల్లోంచి పొడిని అందులోకి వంపుతారు. పొడి సంచికి రాసుకుంటూ జారుతుంది. ఎలక్ట్రాన్లు చేతులు మారతాయి. గరాటుకూ పాత్రకూ మధ్య కరెంటు పారని వాషరు ఉంటుంది కాబట్టి గరాటు మీద చేరిన ఆవేశానికి దారి ఉండదు. ఆ దారి కోసమే ఒక తీగ. తీగ ఒక కొస భూమిలోకి పోతుంది, రెండో కొసకు పళ్లున్న క్లాంపు ఉంటుంది. ఆ పళ్లు గరాటు లోహాన్ని కరుచుకోవాలి. కరుచుకోకపోతే గరాటు మీద ఆవేశం పెరుగుతూ పోయి, దగ్గరకొచ్చిన చేతి మీదికి ఒక్కసారిగా దూకుతుంది. అవ్వ స్వెటర్‌లో వచ్చినంత నిప్పురవ్వ చాలు. కింద టాలుయిన్ ఆవిరి ఉంటుంది. గాలి చేరి మంట పుట్టకుండా లోపలికి నైట్రోజన్ వదులుతూనే ఉంటారు కానీ మూతి తెరిచినప్పుడు గాలి కొంత చొరబడుతుంది.

ఆ సంచులు వంపే పని మా కాకది. నాకు చుట్టం కాదు, సెక్షన్లో అందరికీ ఆయన కాకే. యాభై దాటినవాడు, సూరారం మనిషి. ఆదివారం చర్చికి పోవాలి కాబట్టి ఆదివారం డ్యూటీ వేస్తే మాత్రం సూపర్‌వైజర్‌తో కొట్లాడేవాడు. గదిలోకి వెళ్లే ముందు గుమ్మం పక్క గోడకున్న రాగి పలకకు అరచేయి వెనకవైపు ఆనించి, "ప్రభువా, నువ్వే దిక్కు" అనేవాడు. ఆ పలక మన ఒంటి మీది ఆవేశాన్ని భూమిలోకి దించడానికి. నేను చేరిన మొదటి రోజున నా చేయి కూడా అక్కడ ఆనించాలని చెప్పింది ఆయనే.

నన్ను ఆటపట్టించకుండా ఆయనకు పొద్దు గడిచేది కాదు.

"ఏం మేడం, నిన్న రెండు ముచ్చట్లు చెప్పినవ్. ఇయ్యాల ఒక్కటి గూడ లేదు. అయిపోయినయా?"

నేను నవ్వి తల దించుకునేదాన్ని.

"మంచిదే తియ్. ఆ సూపర్‌వైజర్ సారు నోరు మనందరికీ సరిపోతది."

ఆ వారం విదేశాల నుంచి కొనుగోలుదార్లు తనిఖీకి రావాలి. మా దగ్గర తనిఖీ అంటే ముందు రంగులు. పది రోజులుగా పెయింటర్లు తిరుగుతున్నారు. నేలకు ఆకుపచ్చ, మెట్ల పక్కన పట్టుకునే పైపులకు నీలం, స్టాండ్లకు నీలం, గరాటు కాళ్లకు, చెవులకు కూడా నీలం. సూపర్‌వైజర్ సారు ప్రతి షిఫ్టులో వచ్చి వేలు చూపించేవాడు. "వాళ్లు వచ్చిపోయే దాంక ఒక్క గీత పడొద్దు. గీత పడ్డదో, అదే గీత మీ ఈపుల మీద గీస్త."

ఆ పొద్దున శామీర్‌పేట దగ్గర పొగమంచు కమ్ముకుంది. ముందు బండి వెనక లైట్లు కూడా కనబడక క్యాబు నడకలా సాగింది. నేను ఫ్యాక్టరీలోకి వచ్చేసరికి సారు నా టేబుల్ దగ్గరే నిలబడి ఉన్నాడు. ఫైలు తెరిచి ఉంది.

"జల్దీ సంతకం పెట్టు మా. కాక అన్ని సూసిండు. టాలుయిన్ పోసి గంటయితాంది."

ఒక్క నిమిషం, చూసి వస్తాను సార్ అనాలి. ఆయన అప్పటికే పెన్ను మూత తీసి నా ముందు పట్టుకున్నాడు. ఆ పెన్ను అందుకోకుండా ఉండటం నాకు చేతకాలేదు. పదకొండు టిక్కులు పెట్టాను. సంతకం చేశాను. ఆయన ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

నేను ఇంకో బ్యాచ్ కాగితాలు సర్దుకుంటున్నాను. పేజీ తిప్పితే తెల్ల కాగితం మీద నా బొటనవేలి ముద్ర పడింది. నీలంగా. మెట్లెక్కేటప్పుడు పక్క పైపు పట్టుకున్నాను, చలికి రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. గుడ్డతో వేలు తుడుచుకుంటూ ఉంటే చేయి ఆగిపోయింది. పైపులకు వేసిన రంగే గరాటు చెవికీ వేశారు. క్లాంపు పట్టేది ఆ చెవికే. ఎలక్ట్రాన్లకు రంగు పొర అంటే గోడ. పళ్లు ఆ పొరను చీల్చి లోహాన్ని కరుచుకున్నాయా? నాకు తెలియదు. తెలుసని సంతకం చేశాను.

లేచి వెళ్లాలి. నేను లేవలేదు. అయిదారు నిమిషాలు, ఇంకా ఎక్కువో, అక్కడే కూర్చున్నాను. కాక ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాడు, ఆయన చూడకుండా ఉంటాడా అనుకున్నాను. వెళ్లి ఆపితే అంతా సరిగ్గా ఉందని తేలితే? చూడకుండా ఎందుకు పెట్టావని సారు అందరి ముందూ అడిగితే? ఒక మనిషి కాలిపోతాడేమో అన్న భయం, నలుగురిలో మాట పడతానేమో అన్న భయం ఒక్కలాగే ఉన్నాయి నా లోపల. ఈ రెండోది మొదటిదానితో సమానంగా తూగడం నేను మరిచిపోలేను.

కింది అంతస్తులో ఎవరో ఇనుప డ్రమ్ము పడేశారు. ధన్‌మని చప్పుడు. అయిపోయిందనుకున్నాను. డ్రమ్మేనని తెలిసేలోపు నేను వరండాలో పరుగెత్తుతున్నాను.

బూట్లు మార్చుకుని, టోపీ పెట్టుకుని, రాగి పలకకు చేయి ఆనించాను. తలుపు అద్దంలోంచి చూశాను. కాక ఒక్కడే ఉన్నాడు. రెండు ఖాళీ సంచులు నేల మీద, మూడోది చేతుల్లో. సగానికి పైగా వంపేశాడు. అప్పుడు చూశాను ఆ సంచిని. ఖాళీ అయిన భాగం కిందికి వేలాడటం లేదు. ఆయన ఏప్రాను మీదికి పాకి ఛాతీకి అతుక్కుంది. ఆయన మోచేత్తో నెట్టాడు. మళ్లీ వచ్చి అతుక్కుంది, ప్రాణమున్నదానిలా. కింద నేల కూడా కొత్త రంగుదే. మా బూట్ల అడుగు ఆవేశాన్ని నేలలోకి వదలడానికే చేసినవి, కానీ ఆ నేలే దాన్ని తీసుకోవడం లేదు. అంటే గరాటు మీదే కాదు, కాక మీద కూడా ఉంది.

తలుపు తోశాను. మోటారు రొద. "కాకా" అన్నాను. నాకే వినబడలేదు.

గరాటులో పొడి అడ్డుపడితే అరచేత్తో దాని పక్కన రెండు దెబ్బలు వేయడం ఆయన అలవాటు. సంచిని ఎడమ చంకలోకి సర్దుకుని కుడి చెయ్యెత్తాడు.

"ముట్టకూ!"

ఆ గొంతు నాదని నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. కాక ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, కళ్లు పెద్దవి చేసుకుని తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"ఏందే? పామా?"

"పాము గాదు కాకా. కరెంటు. గరాటు మీద ఉన్నది. నీ మీద గూడ ఉన్నది. దేన్ని ముట్టకు."

"నా మీద కరెంటుంటే నేను బతికుంటనా?"

"ఉంటవ్. అది దునికే దాంక ఏం గాదు. సంచి సూడు కాకా, ఎట్ల అంటుకున్నదో."

ఆయన సంచిని చూసుకున్నాడు. ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. ఎత్తిన చెయ్యి దించడానికి కూడా భయపడ్డాడు.

"చెయ్యి దించాల్నా వద్దా?"

"నీ వైపుకు దించుకో. గరాటు దిక్కు పోనియ్యకు."

"సంచి బరువున్నది బిడ్డా."

"పట్టుకో కాకా."

నేను వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగవచ్చు, ఏడెనిమిది అడుగుల దూరమే. కానీ నేను పలకను ముట్టుకుని వచ్చాను, నా ఒంటి మీద ఏమీ లేదు. ఆయన ఒంటి మీద ఉంది. నేను వేలు తగిలిస్తే అది నా మీదికే దూకుతుంది, ఆ మూతి పక్కనే. రక్షించాలనుకుని ముట్టుకున్న వేలే అగ్గిపుల్ల అవుతుంది. అక్కడ నేను చదివిందంతా ఒక్కసారి నాకు ఎదురు తిరిగినట్టనిపించింది. ఎందుకు దూకుతుందో తెలుసు. ఎప్పుడు దూకుతుందో ఏ పుస్తకంలోనూ లేదు.

తలుపు పక్కన నేల తుడిచే బకెట్ ఉంది. సబ్బు నీళ్లు, మూడు నాలుగు పొడవాటి నూలు గుడ్డలు. తడి గుడ్డ ఆవేశాన్ని మెల్లగా దించుతుంది, లోహంలా ఒక్కసారిగా కాదు. గుడ్డలు తడిపి, ఒకదాని కొస ఒకదాని మీద పడేలా, గుమ్మం పక్క రాగి పలక నుంచి భూమిలోకి దిగే పట్టీ దగ్గర మొదలుపెట్టి కాక వైపు పరిచాను. నీళ్లు నా మీదే ఒలికాయి. ఆఖరి గుడ్డ ఆయన కాళ్ల దగ్గరికి చేరాలి. దాన్ని తుడుపు కర్రతో నెట్టాను. అది ఆయన బూటు అంచుకు తగిలినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. సిగ్గుచేటే, కానీ మూసుకున్నాను.

ఏమీ కాలేదు.

"ఇగ దాని మీన నిలవడు కాకా. రెండు కాళ్లు."

ఆయన నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన అనుకుంటాను.

"ఎంతసేపు?"

"నాకు తెల్వది."

"చదువుకున్నదానివి, నీకే తెల్వకుంటె ఎట్ల?"

అది వెక్కిరింపు కాదు, నిజంగా అడిగాడు. నేను సంచి వైపే చూస్తూ ఉన్నాను. చాలాసేపటికి దాని అంచు ఏప్రాను వదిలి, కొద్దికొద్దిగా కిందికి వేలాడింది.

"గుడ్డల మీదికెల్లే రా. పక్కకు అడుగేయకు."

ఆయన సంచిని బిడ్డనెత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఒక్కో అడుగు వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. సంచి దించి గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

అప్పుడు వచ్చాడు సారు. ముందు ఆయనకు కనబడింది నేల.

"ఏంది ఈ నీళ్లు? నిన్ననే గదరా రంగేసింది! ఎవడు చేసిండిది?"

లోపలికి అడుగేయబోయాడు. కూర్చున్నచోటి నుంచే కాక అరిచాడు. "సారూ, పోకు! గరాటును ముట్టకు! మనం మూటగట్టుకొని పోతం అందరం!"

గరాటు సంగతీ, సంచి సంగతీ నేను సారుకు చెప్పాను. ఆయన తిట్టలేదు. మోటారు ఆపించి, నైట్రోజన్ పెంచమని కింది వాళ్లకు చెప్పి, అందరినీ బయటికి పంపాడు. చాలాసేపు ఆ గదిలోకి ఎవరూ వెళ్లలేదు. తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెట్టి చూశాడు. గరాటుకూ భూమికీ సంబంధమే లేదన్నాడు. క్లాంపు విప్పాడు. దాని పళ్లకూ గరాటు చెవికీ మధ్య నాలుగు మడతలు పెట్టిన పాలిథీన్ ముక్క ఉంది. కింద నీలం రంగు నిగనిగలాడుతోంది, ఒక్క గీత కూడా లేదు.

"ఇదెవడు పెట్టిండు?" అన్నాడు సారు.

"నేనే సారు" అన్నాడు కాక. "గీత పడొద్దంటిరి గద."

ఎలక్ట్రీషియన్ ఆ ముక్కను జేబులో వేసుకున్నాడు, మళ్లీ తీసి బల్ల మీద పెట్టాడు. నేను దాన్నే చూస్తున్నాను. తెల్లగా, అరచేతిలో సగమంత. పొద్దున నేను గదిలోకి వచ్చి ఉంటే, వంగి ఒక్కసారి చూసి ఉంటే, అది కనబడేది. ఎమ్మెస్సీ అక్కర్లేదు దానికి.

ఆ సాయంత్రం సారు రిపోర్టు రాసి నాకు చదివి వినిపించాడు. సంతకం చేసిన తర్వాత కూడా రెండోసారి పరిశీలించి ప్రమాదాన్ని గుర్తించిందని నా గురించి రాశాడు. రెండోసారి అన్న మాట దగ్గర నేను తలెత్తాను. "ఏం మా, తప్పుందా?" అన్నాడు. లేదన్నట్టు తలూపాను. క్యాబులో పుస్తకం తెరిచాను కానీ ఒక్క అక్షరం చదవలేదు. ఇంట్లో అవ్వ స్వెటర్ విప్పుతుంటే చిటపటమంది. నేను గదిలోంచి బయటికి వచ్చేశాను.

మరునాటి నుంచి క్లాంపు పళ్ల కింద రంగు గీకించారు. తనిఖీ వాళ్లు వచ్చారు, వెళ్లారు. నేను ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కీ గదిలోకి వెళ్లి, వంగి, క్లాంపు చుట్టూ వేలితో తడిమి చూస్తాను. రెండేసి మూడేసి సార్లు.

కాక మాత్రం ఆ పనిలో నిలబడలేకపోయాడు. సంచి ఎత్తితే చేతులు వణికేవి. నాలుగో రోజో అయిదో రోజో ఒక సంచి జారి నేల మీద పడింది. ఆయన దాన్ని తీయకుండా అలాగే చూస్తూ నిలబడిపోయాడు. ఆ వారం చివరికి పని మానేశాడు. సూరారంలో బావమరిది కిరాణా కొట్టులో కూర్చుంటానన్నాడు. ఆఖరి రోజు గేటు బయట క్యాబుల దగ్గర నా కోసం ఆగాడు. చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో పాత బూట్లు.

చెప్పేద్దామనుకున్నాను. కాకా, ఆ పొద్దున నేను చూడలేదు అని. నాలుగే ముక్కలు, మనసులో వరసగా పెట్టుకున్నాను కూడా. డ్రైవర్ హారన్ కొట్టాడు. కాక నా తల మీద చెయ్యి పెట్టాడు.

"పో బిడ్డా, బండి పోతది. నా జాగల కొత్తోడు వస్తడు, వానికి నువ్వే చెప్పు. ఆ సార్లు కాయితం సూస్తరు, నువ్వైతే మనిషిని సూస్తవ్."